స్వాధీనం తమరి బాధ్యత

షిలోహులో భూముల పంపకాల కచేరీ తెరిచిన ఏడాది, దాను గోత్రం వాడైన ఎల్దాదుకి సముద్రం దాపున మంచి నల్లరేగడి పొలం వచ్చింది. వచ్చిందంటే, చీటీలో వచ్చింది.

అంతకుముందు వాళ్ళ వంశంలో భూమి అన్నది ఎరిగినవాడు లేడు. ఐగుప్తులో వెట్టి చేసి బయటపడ్డ ఇశ్రాయేలు జనం నలభై ఏళ్ళు ఎడారిలో తిరిగారు. ఎల్దాదు పుట్టింది గుడారంలో. పెరిగింది గుడారంలో. పెళ్ళి చేసుకుని నయమాని కాపురానికి తెచ్చుకున్నదీ, కూతురు శెరహు పుట్టిందీ గుడారంలోనే. అతని వృత్తి కూడా గుడారపు మేకులు చెక్కడమే. జనం ఆగినచోటల్లా మేకులు దిగేవి, కదిలినప్పుడల్లా సగం ఇసకలోనే పోయేవి. అందుచేత పనికి ఎన్నడూ లోటు రాలేదు.

యొర్దాను నది దాటి కనాను దేశంలో కాలు పెట్టాక, ఇక గుడారాల పని లేదు, ఇంటింటికీ పొలమూ ఇల్లూ ఇస్తామని పెద్దలు చాటించారు. జనమంతా తంబురలు పట్టుకుని నాట్యం చేశారు. ఎల్దాదు కూడా చేశాడు. చేసి చెమట తుడుచుకుంటూ వస్తే, "మరి రేపట్నుంచి మేకులెవరికి అమ్ముతావయ్యా?" అని అడిగింది నయమా. అప్పుడు మాత్రం కాస్త నీరసపడ్డాడు.

చీట్లు తీసే రోజున కచేరీ ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఎత్తైన పీట మీద ముఖ్య పంపకాధికారి హషబ్యా కూర్చున్నాడు. ఆయన లేవీ గోత్రం వాడు. లేవీయులకు భూమిలో వాటా లేదు. ఆశ లేనివాడైతేనే ధర్మంగా పంచుతాడని పెద్దలు ఆయన్ని ఎంచి పెట్టారు. భూమి లేనివాడు కనుక ఆయనకి భూమంటే ఏమిటో తెలియదన్న సంగతి ఎవరికీ తోచలేదు. ఆయన కుండలో చెయ్యి పెట్టి చీటీ తీసి, రాగం పట్టి చదివాడు.

"దాను గోత్రము. ఎల్దాదు కుటుంబము. తూర్పున ఎండిన వాగు, ఉత్తరమున రాళ్ళగుట్ట, దక్షిణమున మేడిచెట్ల దిబ్బ, పడమట మహాసముద్రము చతుస్సీమలుగా గల క్షేత్రము. అందలి బావితోను, ఒలీవల తోటతోను, గానుగతోను, పశువుల కొట్టముతోను, గృహముతోను సహా సంక్రమించినది."

చుట్టూ ఉన్నవాళ్ళు ఎల్దాదు వీపు చరిచారు. అతనికి కళ్ళు చెమర్చాయి. బావితో సహా పొలం. తండ్రి ఎడారిలో చనిపోయేముందు కలవరించింది బావి గురించే.

నయమా మాత్రం పీట దగ్గరికి నడిచింది. "అయ్యా, బావి ఎవరు తవ్వారండీ?"

హషబ్యా తల ఎత్తాడు. "ఆ వివరము చీటీలో లేదు."

"ఎవరో తవ్వితేనే కదండీ ఉండేది. గానుగ ఉందంటే ఆడించేవాళ్ళు కూడా ఉంటారు కదా."

"అమ్మా, అచ్చట ప్రస్తుతము కనానీయులు తాత్కాలికముగా నివసించుచున్నారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"సుమారుగా జలప్రళయము వెనుక నుండి," అన్నాడు హషబ్యా. "ఇందులో చింతింపవలసినది లేదు. పట్టా దయచేయుట మా బాధ్యత. వారిని వెళ్ళగొట్టి క్షేత్రమును స్వాధీనపరచుకొనుట తమరి బాధ్యత. మా బాధ్యత ఇంతటితో సంపూర్ణమైనది. తరువాతి వారు ముందుకు రావలెను."

గొర్రెతోలు మీద రాసిన పట్టా ఎల్దాదు చేతికిచ్చారు. దానితోపాటే ఇంకో మాట కూడా చెప్పారు. భూస్వాములు శిబిరంలో ఉండడం మర్యాద కాదు గనక, వచ్చే అమావాస్యలోగా గుడారం పీకెయ్యాలి. ఉమ్మడి గాదెలోంచి ఇచ్చే గింజలు కూడా నేటితో సరి. పొలం ఉన్నవాడికి గింజలు దేనికి?

*

పొలం చూసి వద్దామని ఎల్దాదు ఒక్కడే బయలుదేరాడు. కత్తి లేదు. మేకులు చెక్కే ఉలి నడుముకి కట్టుకున్నాడు. కొండలు దిగి మైదానంలోకి వచ్చేసరికి పచ్చటి యవల చేలు గాలికి ఊగుతున్నాయి. పొద్దస్తమానం ఇసక చూసి పెరిగిన కళ్ళు అవి. అతను గట్టు మీద నిలబడిపోయాడు. వంగి ఒక మట్టిగడ్డ తీసుకుని వాసన చూశాడు. నాలుక మీద కూడా పెట్టుకున్నాడు.

"ఉప్పు తగ్గిందా?" అన్నారెవరో వెనక నుంచి.

బొజ్జ ఉన్న పెద్దమనిషి, భుజం మీద పార. పేరు అబీబాలు. అతని భాషకీ ఎల్దాదు భాషకీ యాసే తేడా. ఎల్దాదు గొంతు సవరించుకుని, పట్టా విప్పి, మొదట్నుంచి చివరిదాకా చదివాడు. అబీబాలు పార మీద చేతులాన్చి శ్రద్ధగా విన్నాడు.

"దక్షిణాన మేడిచెట్ల దిబ్బ దాకా అనేది తప్పు," అన్నాడు చివరికి. "అది మా బావమరిదిది. మిగతాదంతా సరిగ్గానే రాశారు. ఎవరో తెలిసినవాళ్ళే రాశారు."

"అయితే ఈ భూమి నాది," అన్నాడు ఎల్దాదు. 

"మా తాత ఉన్నప్పుడు ఐగుప్తు రాజుగారి మనుషులు కూడా ఇలాంటిదే ఒకటి తెచ్చారయ్యా. అది రాతి మీద చెక్కించుకొచ్చారు. గొడ్లు నీళ్ళు తాగే తొట్టికి అడ్డం వేశాం. ఇప్పటికీ ఉంది, చూపిస్తాను రా." నాలుగడుగులు వేసి ఆగాడు. "నన్ను వెళ్ళగొట్టడానికి ఎంతమంది వచ్చారు?"

"నేనొక్కడినే."

అబీబాలు అతన్ని కిందనుంచి మీదికి చూశాడు. "ఏమన్నా తిన్నావా?"

అబీబాలు భార్య బాల్తీ రొట్టె, మజ్జిగ పెట్టింది. తింటూ ఉండగా ఎల్దాదు కళ్ళు కొట్టం వైపు పోయాయి. అక్కడ ఇనప రథం ఉంది. కనానీయుల ఇనప రథాల పేరు చెబితే శిబిరంలో మహావీరులు కూడా మాట మార్చేవాళ్ళు. ఈ రథం మీద కోళ్ళు ముడుచుకుని కూర్చున్నాయి. ఒక చక్రానికి ఉల్లిపాయల జడ వేలాడుతోంది. అయినా రథం రథమే.

*

తిరిగొచ్చి కచేరీలో విన్నవించుకున్నాడు.

"అయ్యా, అక్కడ మనుషులున్నారు. రథం కూడా ఉంది. నాకు ఆ పొలం బదులు ఈ కొండల్లో ఎక్కడైనా రాళ్ళనేల ఇప్పించండి. రాళ్ళు ఏరుకుంటాను."

హషబ్యా పట్టా నకలు తెప్పించి వెనకా ముందూ చూశాడు. "ఇందులో రథ ప్రసక్తి లేదే."

"ఇందులో లేదండి. కొట్టంలో ఉంది."

"చీటీ దైవనిర్ణయము. చీటీలో లేనిది క్షేత్రములో ఉండజాలదు. ఉన్నదని వాదించువాడు చీటీని శంకించిన వాడగును. తమరు శంకించుచున్నారా?"

ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనే కచేరీలో శంకలకి తావెక్కడిది? లేదండి అన్నాడు ఎల్దాదు.

"సంతోషము. మరియొక నిబంధన తమకు తెలియజేయవలసి ఉన్నది. పట్టాదారుడు కోతకాలములోగా క్షేత్రమును స్వయముగా దున్ని పైరు పెట్టవలెను. మేము తనిఖీకి వచ్చెదము. పైరు కనబడనిచో, వాగ్దాన భూమిని తృణీకరించిన కుటుంబమని గుర్తించి, పట్టా రద్దు చేసి, తరతరములకు వారసత్వము లేకుండ చేయబడును."

గుడారం తీసెయ్యాల్సిన గడువు దగ్గరపడింది. ఆ సాయంత్రం పిల్లకి ఉన్న రొట్టె పెట్టేసి మొగుడూ పెళ్ళాం మంచినీళ్ళు తాగి కూర్చున్నారు.

"ఆ అబీబాలు మనిషి ఎలాంటివాడు?" అంది నయమా.

"మజ్జిగ పోశాడు."

"అయితే ఆయన్నే అడుగుదాం. హషబ్యాగారు మజ్జిగ కూడా పొయ్యలేదు."

మేకల్ని తోలుకుని, గుడారం గాడిద మీద వేసుకుని ముగ్గురూ కొండ దిగారు. బేరం నయమానే ఆడింది. "మేం మీ పొలంలో పనిచేస్తాం. గట్టు మీద గుడారం వేసుకోనివ్వండి, గింజలివ్వండి. మావాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడు మాత్రం కాసేపు మీరు మా దగ్గర పాలేర్లుగా ఉండాలి."

అబీబాలు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటే, బాల్తీ అందుకుంది. "నవ్వు చాలించి ఒప్పుకో. ఒలీవలు నేలరాలుతుంటే ఏరే దిక్కు లేదు. ఒక పూట నువ్వు వంగితే పోయేదేం లేదు, వంగి ఎన్నాళ్ళయిందో కూడా."

అలా ఎల్దాదు తన సొంత పొలంలో కూలికి కుదిరాడు.

పని కొత్త. మొదట్లో నాగలి పట్టుకుంటే చాలు వంకరగా వెళ్ళేది. అబీబాలు వెనకే నడుస్తూ తిట్టేవాడు. తిట్లు వింటూనే ఎల్దాదు నేర్చుకున్నాడు. వాన పడ్డాక ఒక పొద్దున, తన చేత్తో చల్లిన యవలు మొలకెత్తి కనిపించాయి. గోరంత ఉంది ఒక్కో మొలక. అతను మోకాళ్ళ మీద కూలబడి, చాళ్ళ వెంట పాకుతూ చూసుకున్నాడు. ఆకాశం నుంచి పడ్డ మన్నా తిని బతికిన వంశం. అది ఎందుకు పడేదో ఎవరికీ తెలియదు, ఏరుకోవడమే పని. ఇది మాత్రం తను వేస్తే వచ్చింది. ఆ రోజు నుంచి అతనికి ఈ నేల విడిచి బతకగలనన్న నమ్మకం పోయింది. పోయేసరికి భయం పట్టుకుంది.

*

కోతలప్పుడు హషబ్యా గాడిద మీద తనిఖీకి వేంచేశాడు. ఎల్దాదు అబీబాలు గారి ఊదారంగు అంగీ తొడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. అంగీలో అతనిలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. అబీబాలు గోనెగుడ్డ చుట్టుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ రథమెవరిది?" అన్నాడు హషబ్యా.

"అయ్యగారిదండి," అన్నాడు అబీబాలు.

హషబ్యా రథం చుట్టూ ప్రదక్షిణం చేశాడు. "అనగా శత్రువు రథమును విడిచి పలాయనము చిత్తగించినాడన్న మాట. ఎల్దాదూ, తమరు వానిని ఏ ఆయుధముతో జయించితిరి?"

ఎల్దాదు దగ్గర ఉన్నది ఒకటే. "ఉలితోనండి."

అబీబాలుకి దగ్గు తెర వచ్చింది. హషబ్యా మాత్రం చేతులు పైకెత్తి స్తోత్రం చేశాడు. మిగతా గోత్రాలన్నీ సైన్యం లేదు, రథాలు లేవు అని కచేరీని వేధిస్తుంటే, మేకులు చెక్కే ఒంటరివాడు ఉలితో మైదానం గెలిచాడు. అంటే లోపం సైన్యంలో లేదు, జనుల ఉత్సాహంలో ఉందని తేలింది. ఆయన అక్కడికక్కడే ఎల్దాదుని ఆదర్శ స్వాధీనదారుడిగా ప్రకటించి, పట్టాలుండి పొలాల్లేని కుటుంబాలను అతని దగ్గరికి శిక్షణకు పంపుతానన్నాడు.

అన్నమాట ప్రకారం పంపాడు. నెల తిరక్కుండా గట్టు పొడుగునా గుడారాలు లేచాయి. వచ్చినవాళ్ళు ఉలి విద్య చెప్పమన్నారు. ఎల్దాదు వాళ్ళని చాటుకు తీసుకెళ్ళి ఉన్న సంగతి చెప్పాడు. వాళ్ళలో పెద్దవాడు గడ్డం గోక్కుని, "అయితే మాకిచ్చిన పొలాల వాళ్ళకి కూడా కూలీలు కావాలేమో కనుక్కో," అన్నాడు. కావాలన్నారు. అబీబాలు బావమరిదికీ కావాలి, వాగు అవతల వాళ్ళకీ కావాలి. తనిఖీ నాడు గోనెగుడ్డలు కట్టుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. ఆ ఏడు మైదానంలో ఒక్క ఒలీవ నేలపాలు కాలేదు. కనానీయులు ఎన్నడూ ఎరగనంత పంట చూశారు. షిలోహులో మాత్రం ఆ ప్రాంతం నుంచి శత్రువు సమూలంగా పోయాడని చాటింపు వేశారు.

ఆ చాటింపే కొంప ముంచింది.

*

చాటింపు విన్న పెద్దల సభ, శత్రువు పోయిన మాట నిజమేనని ధ్రువీకరించి రమ్మని హషబ్యాని మళ్ళీ పంపింది. ఈసారి వెంట ఈటెలు పట్టిన యువకులున్నారు. శత్రువు ఒక్కడు కనబడ్డా కత్తికి బలి చేసి ఇల్లు తగలబెట్టాలి. శత్రువుని దాచిపెట్టినవాణ్ణి రాళ్ళతో కొట్టి చంపాలి. ఆజ్ఞ అది.

వాళ్ళు చెప్పాపెట్టకుండా వచ్చారు. ఎల్దాదు అంగీ తొడుక్కునే వ్యవధి కూడా లేదు, పేడ చేతులతో నిలబడ్డాడు. అబీబాలు గోనెగుడ్డ అయితే ఎలాగో చుట్టుకున్నాడు గానీ, సరిగ్గా అప్పుడే హషబ్యా గాడిద నారుమడిలోకి దిగి ఉల్లినారు మేయడం మొదలుపెట్టింది. దాని తాడు పట్టుకుని హషబ్యా కూడా మడిలోకి దిగాడు.

"ఒరేయ్, ఆ గాడిదని లాగు," అని గావుకేక పెట్టాడు అబీబాలు. "కళ్ళు కనబడట్లేదా? మడిలో కాళ్ళు పెట్టి నిలబడ్డావు. అది మనుషులు తినేదయ్యా."

హషబ్యా పాదాల కింద చూసుకుని గబుక్కున గట్టెక్కాడు. ఆనక తానెవరో గుర్తొచ్చింది.

"పాలేరునకింత అహంకారమా? ఎవడు వీడు? వీని గోత్రమేది?"

ఈటెలు ముందుకు వంగాయి. అబీబాలు ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాల్తీ గుమ్మంలో నిలబడిపోయింది.

"మా బావగారండీ," అంది నయమా. "ఈయన అన్నగారు."

హషబ్యా తిరిగి చూశాడు. "జ్యేష్ఠుడా? శిబిరపు జనసంఖ్యలో ఇతడు లేడే."

"చిన్నప్పుడు ఎడారిలో తప్పిపోయారండి."

"ఎప్పుడు దొరికెను?"

"ఇప్పుడేనండి," అన్నాడు అబీబాలు, ఈటె మొన వైపు చూస్తూ.

హషబ్యా చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. చివరికి తల పంకించాడు.

"నలుబది ఏండ్లు జనమంతయు త్రోవ తప్పి తిరిగినది. అందులో ఒక బాలుడు విడిగా తప్పిపోవుట వింత కాదు. దొరకుటయే వింత. దేవునికి స్తోత్రము." ఈటెలు పైకి లేచాయి. అందరూ ఊపిరి పీల్చుకోబోతుండగా ఆయన వేలెత్తాడు. "అయినను మన ధర్మశాస్త్ర ప్రకారము జ్యేష్ఠునకు రెండు వంతులు, కనిష్ఠునకు ఒక వంతు. తమ్ముని పేర వచ్చిన ఈ క్షేత్రములో రెండు వంతులు అన్నకు చెందును. పట్టా తిరగరాయవలెను. పాలేరు వలె గోనె కట్టించి అన్నచేత చాకిరి చేయించుకొనుట ఎల్దాదునకు సిగ్గుచేటు."

"సిగ్గుచేటేనండి," అన్నాడు ఎల్దాదు.

"మరియొక చిన్న లాంఛనము. ఎడారిలో తప్పిపోయినందున ఇతనికి సున్నతి జరిగి ఉండదు. అది జరిగిన పిమ్మటనే పట్టా చేతికివ్వబడును."

అబీబాలు ఎల్దాదు వైపు తిరిగి, అదేమిటన్నట్టు చూశాడు. నయమా బాల్తీని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎల్దాదు అతని చెవిలో రెండు మాటలు చెప్పాడు. అబీబాలు కాళ్ళు దగ్గరికి పెట్టుకున్నాడు. "ఈ వయసులోనా?" అన్నాడు నెమ్మదిగా. తర్వాత తన ఇంటి వైపు చూశాడు, తోట వైపు చూశాడు. ఈటెల వైపు చూశాడు. గట్టు మీద కూర్చుని, "కానివ్వండి," అన్నాడు.

ఈ కబురు గాలి కంటే వేగంగా మైదానమంతా పాకింది. వారం తిరిగేసరికి వాగు అవతల ఒకరికి అన్న దొరికాడు. మేడిచెట్ల దిబ్బ దగ్గర ఇంకొకరికి ఇద్దరు అన్నలు దొరికారు. ఒకాయనకి ఏకంగా తాతే దొరికాడు. కచేరీలో తప్పిపోయిన జ్యేష్ఠుల విభాగం అని కొత్తది తెరవాల్సి వచ్చింది. చెకుముకి కత్తితో సున్నతులు చేసే ముసలాయనకి చెయ్యి వాచి, ఇద్దరు సహాయకుల్ని వేశారు. కొత్త అన్నలందరికీ జ్యేష్ఠ భాగం కింద పట్టాలు తిరగరాశారు. అన్నీ రాసి చూసుకుంటే మైదానంలో ఎవరి పొలం వాళ్ళకే వచ్చింది, మూడో వంతు తక్కువగా. ఆ మూడో వంతులో దాను గోత్రం వాళ్ళు దిగారు. పెద్దల సభలో హషబ్యా నివేదిక చదివాడు: చీట్ల పద్ధతి దిగ్విజయమైనది, శత్రువు నిశ్శేషమైనాడు, దాను గోత్రపు జనాభా ఒక్క ఋతువులో రెట్టింపైనది.

*

అబీబాలు కొన్నాళ్ళు మంచం దిగలేదు. ఎల్దాదు ఒక్కడే తోటకి నీళ్ళు పెట్టాడు, గొడ్లకి మేత వేశాడు. చేస్తున్నంతసేపూ ఒకటే పీకులాట. ఇన్నాళ్ళూ పట్టా తన చేతిలో ఉండేది, పొలం అబీబాలు చేతిలో. ఇప్పుడు రెండూ ఆయన చేతిలోనే. ఇక తనతో ఆయనకి పనేముంది? మూడో వంతని తోలు మీద రాసి ఉండవచ్చు. తోలు మీద రాసినదాని విలువెంతో ఎల్దాదుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"అడిగెయ్," అంది నయమా.

"ఏమని అడగను? ఆయన పొలంలో వాటా ఇమ్మనా?"

ఒక పొద్దున అబీబాలు కర్ర పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ గుడారం దగ్గరికి వచ్చాడు. ఎల్దాదు లేచి నిలబడ్డాడు.

"కచేరీవాళ్ళు మళ్ళీ వస్తారట, గొలుసులు పట్టుకుని పొలం కొలవడానికి," అన్నాడు అబీబాలు. "వాళ్ళని మడిలోకి దిగనిస్తే ఏమవుతుందో చూశాం కదా. మనమే తేల్చుకుందాం. నీ వంతు ఎక్కడ కావాలి?"

ఎల్దాదుకి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. ఎడారిలో మేఘం ఎటు కదిలితే అటు నడిచారు. ఎక్కడ ఆగమంటే అక్కడ మేకులు దించారు. కుండలోంచి ఏ చీటీ వస్తే అది తీసుకున్నారు. ఎక్కడ కావాలి అని అతన్ని పుట్టాక అడిగినవాళ్ళు లేరు. పొలమంతా ఒకసారి కలయజూశాడు. బావి దగ్గర అందామంటే అత్యాశ అనిపించింది. చివర రాళ్ళగుట్ట దగ్గర అందామంటే మనసొప్పలేదు.

నయమా శెరహు చెయ్యి పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళింది. యవల చేను దాటి, తూర్పు వాగు గట్టు మీద ఆగి, ఇటు తిరిగింది.

"ఇక్కడ," అంది.

"అక్కడ మట్టి లోతు తక్కువమ్మా," అని కేకేశాడు అబీబాలు.

"తెలుసు బావగారూ. పొద్దున్నే ఎండ పడుతుంది. తవ్వితే వాగు ఊట ఉంటుంది."

అబీబాలు కాసేపు చూసి, ఎల్దాదుతో, "నేనైనా అదే అడిగేవాణ్ణి," అన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఎల్దాదు హద్దు రాళ్ళు దొర్లించాడు. అబీబాలు రాయి పట్టలేక, ఎక్కడ పాతాలో కర్రతో చూపించాడు. ఒక చోట ఎల్దాదు తనకి కాస్త ఎక్కువ వస్తోందని రాయి వెనక్కి జరిపితే, అబీబాలు కర్రతో మళ్ళీ ముందుకి నెట్టాడు. అదే చోట ఆ రాయి రెండు మూడుసార్లు అటూ ఇటూ తిరిగాక, ఎండెక్కిందని వదిలేశారు.

ఆ శీతాకాలానికి వాగు గట్టు మీద రాతి గోడలు లేచాయి. కప్పు మీద మట్టి ఆరకముందే షిలోహు నుంచి దశమ భాగం వసూలు చేసేవాళ్ళు వచ్చిపడ్డారు. కుటుంబంలో పెద్దవాడి దగ్గరే మొదలుపెట్టాలని నిబంధన కనుక నేరుగా అబీబాలు ఇంటికి పోయారు. పంటలో పదో వంతు, నూనెలో పదో వంతు, మందలో పదో పిల్ల. మచ్చ ఉన్న గొర్రె పనికిరాదు, కుంటిది పనికిరాదు. ఎడారిలో తప్పిపోయిన ఏళ్ళకి బకాయి ఎంత కట్టాలో కచేరీ త్వరలో నిర్ణయించి తెలియజేస్తుంది.

వాళ్ళు వెళ్ళాక అబీబాలు రుసరుసలాడుతూ గట్టు దాటి వచ్చి, ఎల్దాదు కొత్త అరుగు మీద కూలబడ్డాడు. నయమా తెచ్చిన మజ్జిగ గటగటా తాగేశాడు.

"తమ్ముడూ, ఒక్కటడుగుతాను చెప్పు. మీవాళ్ళతో ఇన్నేళ్ళు ఎలా వేగారయ్యా?"

"మీవాళ్ళు కాదన్నా," అన్నాడు ఎల్దాదు. "మనవాళ్ళు."